పైపుకు మెత్తటి తొడుగు

పెరటాసి నెల మూడో శనివారం తెల్లారుజామున చిన్నబ్బను కారు గుద్దింది. చిత్తూరు నుంచి తిరుమల కొండకు నడిచిపోయే గుంపులో వాడొకడు. పసుపు పంచె, మెడలో తువ్వాలు, కాళ్ళకు చెప్పుల్లేవు. పనపాకం దగ్గర నీళ్ళు తాగడానికి ఆగి గుంపు కంటే నాలుగడుగులు వెనకబడ్డాడు. అదే వాడు చేసిన తప్పు. ఎర్ర కారు నూటయాభైలో వచ్చి వాణ్ణి ఎగరేసి ముళ్ళకంచెలో పారేసి, కనీసం బ్రేకు లైటు కూడా వెలిగించకుండా పోయింది.

వాడి అన్న మునిచంద్ర చంద్రగిరి నుంచి మోటారు సైకిలు మీద పడుతూ లేస్తూ వచ్చాడు. తమ్ముడి తల ఒళ్ళో పెట్టుకుని పంచెతో చుట్టబోయాడు. చుట్టడానికి తల ఆకారం నిలవలేదు. ఆ సంగతి మునిచంద్ర ఎవరికీ చెప్పలేదు. చిన్నబ్బ పెళ్ళాం మునిరత్నమ్మకు అసలే చెప్పలేదు. కానీ ఆ రోజు నుంచి అన్నం ముద్ద కలిపినప్పుడల్లా వేళ్ళకు అదే తగిలేది.

కారు ఎవరిదో రెండు రోజుల్లో తెలిసింది. పూతలపట్టు పక్కన మామిడి తోటలున్న కుటుంబం వాళ్ళది. తోలింది వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు జయచంద్ర. స్టేషన్లో మాత్రం వాళ్ళ తోటలో ట్రాక్టరు తోలే ముసలాయన చేతులు కట్టుకుని నిలబడి "నేనే తోలినాను సార్" అన్నాడు. పాపం, ఆ ముసలాయనకు చత్వారం. ఎదురుగా ఉన్న కాగితం మీద సంతకం ఎక్కడ పెట్టాలో వేలు పెట్టి చూపించాల్సి వచ్చింది. అయినా కేసు కేసులాగే నడిచింది, నడిచి ఎక్కడో ఆగింది.

మునిచంద్ర ఊరుకోలేక ఒకసారి తోట గేటు దగ్గరకు పోయాడు. "మీ అబ్బాయిని ఒక్కసారి బయటికి రమ్మనండి, మాట్లాడాల" అన్నాడు, అంతే. ముగ్గురు మనుషులు బోరు పైపు ముక్కలతో వచ్చారు. మొదటి దెబ్బకు రెండు పళ్ళు రాలాయి. రెండో దెబ్బకు ఎముక చిట్లిన చప్పుడు వాడికే వినిపించింది. మట్టిలో పడి పైకి చూస్తే మేడ మీద వరండాలో ఒక కుర్రవాడు అటు తిరిగి ఫోనులో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. వాడొక్కసారి కూడా ఇటు తిరగలేదు.

అదీ ఆ ఇల్లు, అదీ వాళ్ళ మర్యాద. తర్వాత మునిచంద్ర మళ్ళీ ఆ దిక్కుకు పోలేదు.

మునిచంద్రది చంద్రగిరి బైపాసు పక్కన రేకుల షెడ్డు. కార్లకు సీట్లు కుడతాడు. చిన్నబ్బ ఉన్నప్పుడు రెగ్జిను కత్తిరించేది చిన్నబ్బ, కుట్టేది మునిచంద్ర. వాడు పోయాక మునిరత్నమ్మ వచ్చి మిషను ముందు కూర్చుంది. ఎవరూ రమ్మనలేదు, ఎవరూ వద్దనలేదు. బావ ఎదుట నిలబడి మాట్లాడే అలవాటు ఆమెకు లేదు. ఏదైనా అడగాలంటే మిషను వైపు తలొంచుకునే అడిగేది. ఆ తలొంచుకోవడంలోనే ఇద్దరూ ఆర్నెల్లలో పని సర్దుకున్నారు.

మళ్ళీ పెరటాసి దగ్గరపడే నాటికి ఆ ఎర్ర కారే వచ్చి షెడ్డు ముందు ఆగింది.

సైలెన్సరు చప్పుడుకు రేకులు అదిరాయి. మునిరత్నమ్మ తలెత్తి నెంబరు ప్లేటు చూసింది. ఆ నాలుగంకెలు ఆమె నిద్రలో కూడా చెప్పగలదు. కాలు మిషను మీద ఆగలేదు, సూది వచ్చి చూపుడు వేలి గోట్లో దిగింది. ఆమె అరవలేదు. సూది వెనక్కి లాగి, వేలు నోట్లో పెట్టుకుని చూస్తూ కూర్చుంది.

జయచంద్ర దిగాడు. మునిచంద్రను చూసి చక్కగా నవ్వాడు. వాడికి ఈ మొహం తెలియదు మరి. కొట్టించినవాడికి కొట్టించుకున్నవాడి మొహం గుర్తుండాలని ఎక్కడుంది?

"ఏమప్పా, నువ్వేనా మునిచంద్రంటే? రేసు కార్ల సీట్లు నువ్వు బాగా కుడతావని తిరపతిలో సెప్పినారు. ఇట్రా, లోపల సూడు."

లోపల ముందు సీట్ల వెనకగా, ఈ పక్క నుంచి ఆ పక్కకు, కమాను లాగా వంచిన ఇనప పైపు వెల్డింగు చేయించి ఉంది. రోల్ బార్ అంటారు దాన్ని. కారు బోర్లా పడినా పైకప్పు నలగకుండా కాపాడుతుంది. కానీ దానికి అడ్డంగా వేసిన పైపు మనిషి తల వెనక జానెడు దూరంలో ఉంటుంది. దానికి తోడు వీడు అందం కోసం ముందు సీట్ల తలదిండ్లు పీకించేశాడు. ఇక తలకు, ఇనుముకు నడుమ ఉన్నది గాలే.

"వెనక కూసున్నోళ్ళకి నుదుటికి తగల్తా ఉండాది, నాకు తలకాయికి తగల్తా ఉండాది. దీనికి బాగా మెత్తంగా తొడుగు కుట్టాలప్పా."

మునిచంద్ర చేతులు అలవాటుగా పని చేశాయి. లోపలికి పోయి రెండు ముక్కలు తెచ్చాడు. ఒకటి సీట్లలో వేసే పసుపుపచ్చ స్పాంజి. రెండోది తెల్లటి గట్టి ఫోము, బొటనవేలితో ఎంత నొక్కినా దిగదు. పదేళ్ళ కిందట శ్రీపెరుంబుదూరు దగ్గర రేసు కార్ల షెడ్డులో పనిచేసేటప్పుడు సుందరరాజు మేస్త్రి దాన్ని చూపించి నేర్పాడు. వేలు దిగే చోట తల కూడా దిగుతుంది, దిగి ఇనుమును తాకుతుంది, వేలు దిగనిదే తలను ఆపుతుంది అని. రేసులో వాడికి హెల్మెట్టు ఉంటుంది, రోడ్డు మీద వాడికి ఉండేది వెంట్రుకలే, కాబట్టి రోడ్డు మీద కారుకే గట్టిది కావాలి అని కూడా చెప్పాడు. మునిచంద్ర ఈ మాట వచ్చిన ప్రతి గిరాకీకి చెప్పేవాడు. ఎవరూ ఒక పట్టాన ఒప్పుకునేవాళ్ళు కాదు. అందరూ సీటు నొక్కినట్టే నొక్కి చూసేవాళ్ళు.

జయచంద్రా నొక్కాడు. తెల్లది నొక్కి మొహం చిట్లించాడు. "ఇదేందప్పా, రాయి మాదిరుండాది! తల ఆనిస్తే నొప్పెట్టదా?" పసుపుది నొక్కాడు. వేలు పూర్తిగా దిగిపోయింది. "ఆ, ఇది! ఇదీ స్పాంజంటే."

ఇప్పుడు చెప్పాల్సిన మాట మునిచంద్ర గొంతు దాకా వచ్చింది. వచ్చి అక్కడే నిలబడింది. వాడి కళ్ళ ముందు మేడ మీద వరండా, అటు తిరిగిన వీపు కనిపించాయి. మాటను మింగేశాడు.

"మెత్తదే ఏసేదా సార్?"

"మెత్తదే ఏయప్పా. పైన ఎర్ర రెగ్జిను. డైమండు కుట్టు కొట్టించు, సూస్తే అదిరిపోవాల."

కారు అక్కడే వదిలి, వేరే కారులో వెళ్ళిపోయాడు.

మునిరత్నమ్మ మిషను వైపే చూస్తూ అడిగింది.

"బావా, మెత్తది ఏస్తే ఏమైతాది?"

మునిచంద్ర దాచలేదు. మేస్త్రి ఏం చెప్పాడో చెప్పాడు, కొబ్బరికాయతో ఎట్లా చూపించాడో కూడా చెప్పాడు. ఆమె లేచింది. దేవుడి పటం కింద శుక్రవారానికని పెట్టిన కొబ్బరికాయ తీసుకుంది. మూలనున్న పైపు ముక్కకు పసుపు స్పాంజి చుట్టి, దాని మీద పాత గుడ్డ కట్టి, బండల మీద పెట్టింది. కాయను రెండు చేతులతో నెత్తి మీదికి ఎత్తి, ఒంట్లో ఉన్న బలమంతా తెచ్చి కొట్టింది. స్పాంజి మీదే పడింది కాయ. పడి ఫట్టున పగిలింది. నీళ్ళు ఆమె మొహం మీదికి చిమ్మాయి. చిప్పలు రెండూ రెండు దిక్కులకు దొర్లాయి.

మొహం తుడుచుకోకుండా అట్లాగే నిలబడి అంది, "ఇదే ఏద్దాం."

"రత్నమ్మా, ఆలోసన సెయ్యి."

"ఏడాదిగా సేస్తానే ఉండాను బావా. మనమేం కత్తితో పొడస్తామా? అడిగింది ఆయప్పే. అడిగింది అడిగినట్టు కుట్టిద్దాం."

మునిచంద్రకు అంతకంటే ఏం కావాలి? తనలో తాను చెప్పుకుంటున్నదే ఆమె పైకి చెప్పింది. తను చంపడం లేదు, వాడే ఎంచుకున్నాడు. ఆ మాటను పట్టుకుని రెండు రోజులు పని చేశాడు. స్పాంజి కోసి, గమ్ము రాసి, పైపుకు చుట్టాడు. మునిరత్నమ్మ ఎర్ర రెగ్జిను మీద డైమండ్లు కుట్టింది. ఒక్క గడి వంకర పోలేదు. అంత అందమైన పని ఆ షెడ్డులోంచి ఎన్నడూ బయటికి పోలేదు. చివర్న వంకర సూదితో అంచులు బిగించేటప్పుడు మునిచంద్ర సూది కింద పెట్టేశాడు. ఆమె సూది అందుకుని తనే బిగించింది.

మూడో రోజు మధ్యాహ్నం జయచంద్ర వచ్చాడు. సీట్లో కూర్చుని తల వెనక్కి వాల్చాడు.

"అబ్బా! దిండు మాదిరుండాదప్పా! రా, వెనక కూసో. సిత్తూరు దాకా పోయొద్దాం, నీ పనెట్లుండాదో నువ్వూ సూడాల."

"వద్దు సార్, పనుండాది."

"ఏం పనప్పా, కూసోమంటే!" నవ్వుతూనే చొక్కా కాలరు పట్టి లాగాడు. వాడికి ప్రేమొచ్చినా కాలరే, కోపమొచ్చినా కాలరే. మునిచంద్ర వెనక సీట్లో పడ్డాడు. వెనక్కి తిరిగి చూస్తే మునిరత్నమ్మ మిషను మీద నుంచి లేచి నిలబడి ఉంది. మొదటిసారి ఆమె బావ కళ్ళలోకి నేరుగా చూసింది. అప్పటికే కారు కదిలింది.

హైవే ఎక్కగానే ముల్లు నూటనలభై దాటింది. మునిచంద్ర ఎర్ర తొడుగును రెండు చేతులతో పట్టుకున్నాడు. వేళ్ళు సులువుగా దిగి ఇనుము తగిలింది.

పాకాల దారి చీలే చోటికి రాకముందే నల్ల కారొకటి పక్కకొచ్చి, రాసుకుంటూ ముందుకు దూసుకుపోయింది. దాని కిటికీలోంచి సీసా ఒకటి వచ్చి జయచంద్ర వైపు అద్దానికి తగిలి బద్దలైంది.

"మోహన్‌కృష్ణ గాడు! నాకొడుకు!" జయచంద్ర గొంతు మారిపోయింది. ఇద్దరికీ రేసు పందేల దగ్గర పాత తగవు. వెంటాడి, నల్ల కారును రోడ్డంచుకు నెట్టి ఆపాడు. డిక్కీలోంచి వీల్ స్పానరు తీసుకుని దిగాడు. ఒక దెబ్బకు వాడి హెడ్‌లైటు, ఇంకో దెబ్బకు ముందద్దం పోయాయి. మోహన్‌కృష్ణ దిగి తల వంచి పొట్టేలులాగా వచ్చి ఢీకొట్టాడు. ఇద్దరూ కంకర మీద దొర్లారు. జయచంద్ర స్పానరుతో వాడి భుజం మీద కొట్టాడు. వాడు గుప్పెడు కంకర తీసి జయచంద్ర మొహాన నూరాడు. కనుబొమ్మ చిట్లి నెత్తురు కంట్లోకి కారింది. దారిన పోయే లారీలు హారన్లు కొట్టుకుంటూ పోయాయి కానీ ఒక్కటీ ఆగలేదు.

మునిచంద్ర దిగి పారిపోవాల్సింది. ముందు సీటు మడిస్తే తప్ప దిగడానికి దారి లేదు, ఆ మీట ఎక్కడుందో తడుముతుండగానే జయచంద్ర వచ్చి కూర్చుని కారు దూకించాడు. నల్ల కారు పగిలిన అద్దంతోనే వెంటబడింది. వెనక నుంచి ఒక గుద్దు గుద్దింది. ఆ అదురుకు జయచంద్ర బ్రేకు తొక్కాడు. మునిచంద్ర నుదురు వచ్చి తొడుగుకు తగిలింది. మెత్తగా దిగి, లోపల ఇనుము ఠంగుమంది. కళ్ళు బైర్లు కమ్మాయి.

"ఆపు సార్! ఆపు! ఆ స్పాంజి నమ్మద్దు. తల పగల్తాది!"

"మెత్తంగా ఉంటే పగల్తాదా? నీకేమన్నా పిచ్చా?"

"మెత్తంగా ఉంది కాబట్టే పగల్తాది! నాకు తెలుసు. తెలిసే ఏసినాను. నేను చిన్నబ్బ అన్నని!"

జయచంద్ర అద్దంలోంచి వెనక్కి చూశాడు. ఒక కన్ను నెత్తురుతో మూసుకుపోయింది. రెండో కంట్లో భయం లేదు, కోపం లేదు. నిజంగానే అర్థం కాలేదు వాడికి.

"ఎవురు?"

"చిన్నబ్బ! పోయిన పెరటాసిలో, పనపాకం కాడ. నువ్వు గుద్దినావే!"

"ఓ, ఆ నడిసిపోతా ఉన్నోడా?" జయచంద్ర గేరు మార్చాడు. "వాని పేరు చిన్నబ్బనా? నాకెవురూ సెప్పలేదే."

బస్సు ఎన్నింటికో తెలుసుకున్నవాడిలాగా అన్నాడు ఆ మాట. ఏడాది పాటు మునిచంద్ర ఒంట్లో దాచుకున్నదంతా ఒక్కసారి భగ్గుమంది. స్పాంజీ గుర్తులేదు, తన ప్రాణమూ గుర్తులేదు. ఎడమ చెయ్యి చాచి వెనక నుంచి వాడి గొంతు చుట్టూ వేసి బిగించాడు. జయచంద్ర గురకలు పెట్టాడు. ఒక చేత్తో స్టీరింగు, ఇంకో చేత్తో మునిచంద్ర మొహం గీరుతూ గోళ్ళు దింపాడు. చెంప చీరుకుపోయింది. మునిచంద్ర ఇంకా బిగించాడు. పళ్ళు కొరుకుతూ "చిన్నబ్బ, చిన్నబ్బ" అంటున్నాడు.

అప్పుడే నల్ల కారు రెండోసారి గుద్దింది. ఎర్ర కారు గిర్రున తిరిగింది. లోకమంతా తిరిగి, వెనక అద్దంలో డివైడరు గోడ పెద్దదవుతూ కనిపించింది. కారు వెనక్కే పోయి గుద్దుకోబోతోంది. తన నోటి ముందే జయచంద్ర తల ఉంది, నూనె రాసి దువ్విన జుట్టు, చెవి వెనక చిన్న మచ్చ. దాని వెనక జానెడు దూరంలో ఎర్ర డైమండ్లు.

ఎడమ చెయ్యి గొంతు వదిలింది. కుడి చెయ్యి పైపు మీద, ఆ తల పడే చోట, విప్పారి నిలబడింది.

గుద్దుకున్న చప్పుడు మునిచంద్రకు వినిపించలేదు. తన వేళ్ళు విరిగిన చప్పుడు మాత్రం వినిపించింది.

తిరుపతి ఆసుపత్రిలో మర్నాడు పొద్దున మెలకువ వచ్చింది. కుడిచేతికి మోచేతి దాకా కట్టు. మూడు వేళ్ళు తీసేశామని, మిగిలినవి వంగడం కష్టమని డాక్టరు చెప్పిపోయాడు. అంతకు ముందే జయచంద్ర తల్లి దేవకమ్మ వచ్చి మంచం దగ్గర నేల మీద కూర్చుని, వద్దంటున్నా కాళ్ళు పట్టుకుంది. "వాని తలకి, పైపుకి నడమ నీ సెయ్యే ఉండాదని మిమ్మల్ని బయటికి తీసినోళ్ళు సెప్పినారు. నీ సెయ్యి అడ్డం పెట్టకుంటే నా బిడ్డ తల యాడుండునప్పా? దేవుని మాదిరి వచ్చినావు" అని ఏడ్చింది. జయచంద్ర అదే వరండా చివర గదిలో ఉన్నాడట. తలకు దెబ్బ తగిలింది కానీ బతికాడు. నిన్నటి రోజు మాత్రం వాడి తలలోంచి పూర్తిగా తుడుచుకుపోయిందట. షెడ్డుకు వచ్చింది, కారెక్కింది, గొడవపడింది, ఏదీ గుర్తు లేదట. మునిచంద్ర గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ పొగడ్త కంటే బోరు పైపు దెబ్బలు నయమనిపించింది.

మునిరత్నమ్మ వచ్చేసరికి పది దాటింది. మంచం పక్కన నిలబడి కట్టు చూసింది, చెంప మీద గోళ్ళ గీతలు చూసింది.

"నిజమేనా బావా? నీ అంతట నువ్వే పెట్టినావంట సెయ్యి."

అబద్ధం చెప్పవచ్చు. పొరపాటున పడిందని చెప్తే ఆమె నమ్మేది. మునిచంద్ర గోడ వైపు నుంచి ఆమె వైపుకు తిరిగాడు:

"నేనే పెట్టినాను. ఒక తల సూసినాను రత్నమ్మా, నీకు సెప్పలేదు. నా ఒళ్ళో పెట్టుకుని సూసినాను. ఇంకోటి సూళ్ళేకపోయినాను."

ఆమె చెయ్యి లేచింది. వార్డంతా వినిపించేటట్టు చెంప ఛెళ్ళుమనిపించింది. బావ ఎదుట ఏనాడూ తలెత్తి మాట్లాడని మనిషి. నర్సు పరుగెత్తుకొచ్చింది. మునిచంద్ర ఎడమ చేత్తో నర్సును ఆగమన్నాడు.

"ఆయప్పకి సెప్పినావా? ఎవురో, ఎందుకో సెప్పినావా?"

"సెప్పినాను. పేరు సెప్పినాను. ఇప్పుడది కూడా గుర్తులేదంట."

మునిరత్నమ్మ తిరిగి వరండాలోకి నడిచింది. మునిచంద్రకు భయం వేసింది. మంచం దిగి, సెలైన్ స్టాండును ఎడమ చేత్తో లాక్కుంటూ వెంటబడ్డాడు. వాడు గుమ్మం దగ్గరికి చేరేసరికి ఆమె ఆ చివరి గదిలో, కట్టు కట్టిన జయచంద్ర తలను రెండు అరచేతుల మధ్య గట్టిగా పట్టుకుని ఉంది. దేవకమ్మ కుర్చీలోంచి లేవబోయి, ఆమె మొహం చూసి లేవలేకపోయింది.

"నా మొగుడు నడిసిపోతా ఉంటే నీ కారు కింద ఏసి సంపినావు. ఆయన పేరు చిన్నబ్బ. సెప్పు."

జయచంద్ర బిత్తరపోయి తల్లి వైపు చూడబోయాడు. ఆమె తల కదలనివ్వలేదు. వేళ్ళు కట్టులోకి దిగాయి. వాడు నొప్పితో మూలిగాడు.

"సెప్పు!"

"చి... చిన్నబ్బ."

"ఇంగోసారి."

"చిన్నబ్బ."

"ఇంగోసారి."

వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది నొప్పో, భయమో, మరొకటో ఎవరికి తెలుసు? ఆ పేరు మళ్ళీ అన్నాడు, ఆమె అడగక ముందే ఇంకోసారి అన్నాడు. గుమ్మంలో మునిచంద్ర గోడకు జారిపడి కూర్చుని, ఆ గొంతులో తమ్ముడి పేరు వింటూ, ఏడాది నుంచి రాని ఏడుపు ఏడ్చాడు. మునిరత్నమ్మ ఆ తలను వదల్లేదు.